పంతులు గారి ఫొటోకు దండ వేసే ముందు

సంఘం మిత్రులు ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కొన్నాళ్లు తటపటాయించాను. బడి జ్ఞాపకాలు నాకూ ఉన్నాయి. ఉదయగిరి కొండ వైపు మబ్బు పడితే పాఠం వదిలేసి కిటికీలోంచి చూడటం, అయ్యోరి చేతి బెత్తం, దుత్తలూరులో ఆఖరి బస్సు తప్పిపోయి చీకట్లో నడిచి ఇల్లు చేరడం, ఇవన్నీ మీకు తెలిసినవే. నాకంటే చక్కగా రాసేవాళ్లు మన బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. అందుకని నేను మన బడిలో ఎన్నడూ అడుగుపెట్టని, మన జిల్లాకు చెందని ఒక అయ్యోరి గురించి రాస్తున్నాను. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

తెలుగు సార్లు రాయాల్సిన సంగతి లెక్కల సారు ఎందుకు ఎత్తుకున్నాడని మీరు అనుకోవచ్చు. దానికి కారణం నేను చేసిన ఒక తప్పు. ముందు అది చెప్పుకుని, తర్వాత పంతులు గారి దగ్గరికి వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఒక ఊళ్లో పనిచేస్తుండగా తెలుగు భాషా దినోత్సవం జరిపాం. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు గిడుగు వారి మీద ఐదు నిమిషాలు ఎక్కడా తడబడకుండా ఉపన్యాసం ఇచ్చాడు. మొదటి బహుమతి వాడికే. బహుమతి నా చేతుల మీదుగానే ఇచ్చాను. వారం తర్వాత నా పీరియడులో, పుస్తకంలో ఉన్న లెక్కను పైకి చదవమని వాడినే లేపాను. లేచి నిలబడి తల వంచుకున్నాడు. రెండోసారి చెప్పాను, మూడోసారి చెప్పాను. బహుమతి వచ్చేసరికి పొగరు ఎక్కిందనుకుని చెయ్యి చేసుకున్నాను.

సాయంత్రం వాడి స్నేహితుడు వచ్చి అసలు సంగతి చెప్పాడు. వాడికి చదవడం రాదు. ఉపన్యాసం కాగితాన్ని వాళ్ల అక్క రోజూ చదివి వినిపిస్తుంటే విని బట్టీ పట్టాడు. ఎనిమిదేళ్లు బడికి వచ్చిన పిల్లవాడికి గుణింతాలు దాటి ముందుకు పోవడం రాదని ఎవరమూ కనిపెట్టలేదు. రెండేళ్లుగా వాడికి పాఠం చెబుతున్న నేనూ కనిపెట్టలేదు. మరునాడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, సంతలో మేకపిల్లల బేరం లెక్క ఒకటి నోటితో చెప్పాను. కాగితం, కలం లేకుండా చటుక్కున జవాబు చెప్పాడు. వాడికి లెక్క వచ్చు. లెక్కను రాసిన అక్షరాలు రావు. నేనేమో పరీక్ష కాగితం మీద సున్నాలు వేస్తూ, వీడికి లెక్కల బుర్ర లేదని అందరితో చెబుతూ వచ్చాను.

వాడు అప్పజెప్పిన ఉపన్యాసం కాగితాన్ని ఆ తర్వాత అడిగి తీసుకుని చదివాను. పుట్టిన తేదీ, బిరుదులు, చనిపోయిన తేదీ ఉన్నాయి. ఆయన దేనికోసం ముప్పై ఏళ్లు పోట్లాడాడో ఒక్క వాక్యంలో దాటేశారు. అప్పటి నుంచి పంతులు గారి జీవితం గురించి దొరికినవల్లా చదివాను. నాకు అర్థమైన మేరకు ఇక్కడ చెబుతున్నాను.

ముప్పై రూపాయల జీతం

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర్లో ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. పన్నెండేళ్ల వయసులో, 1875లో, తండ్రి విషజ్వరంతో పోయారు. పిల్లవాడు విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదివాడు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. ఆ ఇద్దరూ తర్వాత తెలుగు రాతనే మార్చేస్తారని అప్పుడు ఎవరికి తెలుసు!

1879లో మెట్రిక్యులేషన్ అయింది. ఇంటి పరిస్థితి పై చదువుకు ఒప్పుకోలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. మొదట చెప్పింది చిన్న తరగతికి చరిత్ర పాఠం. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. ఆ బడి కాలేజీ అయ్యాక కాలేజీ తరగతులకు కూడా చెప్పారు. శ్రీముఖలింగం గుడి శాసనాలను చదవాలని పట్టుబట్టి పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తెలుగు, ఒడియా కలిసే చోటు అది. చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు.

సవరల భాషకు తెలుగుతో గాని ఒడియాతో గాని చుట్టరికం లేదు, దానిది ముండా భాషల కుటుంబం. సంతకు వచ్చిన సవరల మాట కింది ఊళ్ల వాళ్లకు అర్థం కాదు. కాగితాల మీద ఏం రాసి ఉందో వాళ్లకు తెలియదు గనక మోసపోయేవాళ్లు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలని పంతులు గారికి అనిపించింది. అప్పుడు ఆయన చేసిన పనే నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. తెలుగు పలక, బలపం పట్టుకుని కొండెక్కలేదు. రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకరిని ఇంట్లో పెట్టుకుని ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ నేర్చుకోవడం చాలా ఏళ్లు సాగింది. సవరలో వాచకాలు తయారు చేశారు, వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకు జీతాలు ఇచ్చి, పిల్లలకు వాళ్ల భాషలోనే అక్షరాలు నేర్పించారు.

కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. ఉచ్చారణలో చిన్న తేడాను కూడా వదలకుండా విని రాసుకున్న మనిషికి, ఆ పనిలోనే వినికిడి పోయింది. అయినా పని ఆపలేదు. దొరకని భాషాశాస్త్ర పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు డెబ్బై ఐదు.

ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న

1906, 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం జరిగే తీరు ఆయనకు మింగుడు పడలేదు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. ఈ రెండింటికీ ఇంత ఎడం ఎందుకని, మాట్లాడే భాషలోనే పాఠం ఎందుకు ఉండకూడదని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలిగిన వాళ్లు గురజాడ, గిడుగు అని ఆయన ఇద్దరి పేర్లు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమం అలా బడి గదిలో మొదలైంది. కవుల సభల్లో, పత్రికాఫీసుల్లో మొదలైందని చాలామంది అనుకుంటారు. దాని మొదటి కోరిక చిన్న తరగతుల పిల్లలకు అర్థమయ్యే వాచకం మాత్రమే.

ఈ కాలం వాళ్లకు ఆ రోజుల ఇబ్బంది తెలియాలంటే కొంచెం వివరం కావాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం పందొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చింది. పాత కావ్యాలను బట్టి కట్టిన వ్యాకరణం అది. దాని నియమాలు బడి వచనానికీ కొలబద్ద అయ్యాయి. పిల్లవాడు వచ్చాడు అని రాస్తే తప్పు, వచ్చెను అని రాయాలి. పోతున్నాడు అని రాస్తే తప్పు, పోవుచున్నాడు అని రాయాలి. అరసున్నలు, బండి ఱలు, సంధులు సరేసరి. చదవడం నేర్చుకునే పిల్లవాడు అక్షరాన్ని పోల్చుకోవాలి, దాన్ని పలకాలి, పలికిన మాట తనకు తెలిసిన మాటే అని గుర్తుపట్టాలి. ఆ మూడో మెట్టు మీదే చదువు నిలబడుతుంది. పలికిన మాట తాను ఎన్నడూ విననిదైతే, పిల్లవాడికి మిగిలేది బట్టీ పట్టడమే. పంతులు గారు సవర పిల్లల దగ్గర ఈ సంగతి కళ్లారా చూసి ఉన్నారు. తెలుగు పిల్లలకు కూడా అదే జరుగుతోందని ఆయనకు త్వరలోనే తెలిసివచ్చింది.

1911లో ముప్పై ఏళ్ల సర్వీసు ముగించుకుని రిటైరయ్యారు. మిగిలిన కాలమంతా ఈ ఒక్క పనికే ఇచ్చారు. మొదట కొంత గెలుపు దొరికింది. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాస పరీక్షను కావ్య భాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఆధునిక భాషకు ఉదాహరణగా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను, బ్రౌన్ దొర తెలుగు రీడరును చూపించారు. వెంటనే పండితులు కదిలారు. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. 1914-15లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది, స్కూల్ ఫైనల్ వ్యాసం మళ్లీ కావ్య భాషకే పోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, ఉత్తర్వు పోయింది, చెవులు అప్పటికే పోయాయి. పంతులు గారు మాత్రం సభ తర్వాత సభకు పుస్తకాల మూటలతో వెళ్లి వాదిస్తూనే ఉన్నారు.

పండితుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లు పిల్లలకు శత్రువులు కారు. ఊరికో యాస ఉన్న తెలుగును ఒక్క తాటి మీద నిలిపేది గ్రాంథికమేనని, దాన్ని వదిలితే నన్నయ నుంచి వచ్చిన సాహిత్యం పిల్లలకు అందకుండా పోతుందని వాళ్ల భయం. పంతులు గారు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. కావ్యాలు ఆయనకు కొట్టిన పిండి. వాటిని పెద్ద తరగతుల్లో చదవాల్సిందేనన్నారు. ఆయన అడిగింది ఏ ఒక్క ఊరి యాసనో కాదు, చదువుకున్నవాళ్లు మామూలుగా మాట్లాడుకునే శిష్ట వ్యావహారికాన్ని. దానికి తోడు గ్రాంథికమే రాయాలనే పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపించారు. జీవితమంతా వ్యాకరణం చదివిన పెద్దలకే తప్పులు లేకుండా రాయడం చేతకాని భాషలో పదేళ్ల పిల్లవాణ్ని రాయమనడం న్యాయమేనా అన్నది ఆయన వాదన సారాంశం.

1919లో తెలుగు అనే పేరుతో మాసపత్రిక నడిపారు. వాడుక భాషకు పాత కాలం నుంచీ ఆధారాలున్నాయని గద్య చింతామణి, బాలకవి శరణ్యం వంటి పుస్తకాల్లో చూపించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికం మీద ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. పత్రికలు, కథలు, నవలలు ఒక్కొక్కటీ వాడుక భాషలోకి వచ్చాయి. ఆయన మొదట కోరుకున్న చోటు బడి. గెలుపు అక్కడికి అన్నిటికంటే ఆలస్యంగా చేరింది. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు పూర్తిగా వాడుక భాషలోకి రావడానికి ఆయన పోయాక ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

చివరి రోజులు

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ ఊళ్లోనే యాభై ఏళ్లకు పైగా గడిపిన మనిషి, ఆ కలపడాన్ని ఒప్పుకోలేక ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రికి వచ్చేశారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు తండ్రి పనిని కొనసాగించారు.

మన దాకా వస్తే

ఇంత చదివాక నాకొక సందేహం మిగిలింది. ఇప్పుడు పుస్తకాలన్నీ వాడుక భాషలోనే ఉన్నాయి. పంతులు గారు కోరింది దొరికింది. మరి నా తొమ్మిదో తరగతి పిల్లవాడికి చదవడం ఎందుకు రాలేదు? వాడొక్కడే అయితే వాడి ఖర్మ అనుకోవచ్చు. 2005 నుంచి అసర్ సర్వే వాళ్లు దేశంలో ఊరూరా తిరిగి పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివిస్తున్నారు, అప్పు తెచ్చుకునే తీసివేతలు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్కలు ఇస్తున్నారు. పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది ఆ రెండో తరగతి పాఠాన్ని చదవలేకపోతున్నారు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని పథకం పెట్టి, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజే ఎవరైనా నాకు ఆ మాట గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

నా సందేహానికి జవాబు పంతులు గారి సవర బడుల్లోనే ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయన పుస్తకం భాష మార్చడంతో సరిపెట్టుకోలేదు. పిల్లవాడు ఎక్కడున్నాడో ముందు తెలుసుకుని అక్కడికి తాను నడిచి వెళ్లారు. మనం పుస్తకాన్ని మార్చాం గాని ఆ నడక నడవలేదు. తొమ్మిదో తరగతి సిలబసు తొమ్మిదో తరగతికి చెప్పాలి, డిసెంబరుకు పూర్తి కావాలి, అంతే. గదిలో కూర్చున్న పిల్లవాడు రెండో తరగతి దగ్గరే ఆగిపోయాడేమో అని అడిగే తీరిక మనకు లేదు. నాకు లేదు. లెక్కల పుస్తకంలో దీర్ఘచతురస్రాకారపు తోట చుట్టుకొలత అడుగుతారు. మన మెట్ట పొలాల్లో కంచె ఎన్ని బారలు పడుతుందని అడిగితే అదే పిల్లవాడు చెబుతాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని దాటించాల్సిన మనిషి అయ్యోరు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఆ దూరం ఇంకా పెరిగింది. ఇంగ్లీషు వద్దని నేననను, పంతులు గారూ అనలేదు. తెలిసిన భాషలో చదవడం రాని పిల్లకు తెలియని భాషలో చదవడం వస్తుందని మాత్రం నమ్మలేను.

ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి దూరం పోనక్కర్లేదు. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరదీపం రాత్రి బడులు నడిచిన సంగతి మనలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లకు, సారాతో కూలిన సంసారాల కథలనే, వాళ్లకు తెలిసిన మాటల్లో పాఠాలుగా పెట్టారు. సీతమ్మ కథ చదివిన దూబగుంట ఆడవాళ్లు పలకలు పక్కన పెట్టి సారా దుకాణం మీదికి నడిచారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వయసు మళ్లిన వాళ్లకు రాదనుకున్న చదువు, తమ బతుకే పాఠమయ్యేసరికి వచ్చింది. ఆ పాఠాలు రాసినవాళ్లు కూడా పంతులు గారి దారిలో నడిచినవాళ్లేనని నా నమ్మకం.

నా పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. పదో తరగతి పరీక్షలకు ఏడాదిన్నర ఉంది. సాయంత్రం బడి వదిలాక రోజూ అరగంట వాణ్ని, వాడిలాంటి మరో నలుగురిని కూర్చోబెట్టాను. సంతలో రేట్లు, బస్సు బోర్డులు, వాళ్ల ఊళ్ల పేర్లు, వాళ్లే చెప్పిన కథలు రాయించి వాటినే చదివించాను. నలుగురికి చదవడం వచ్చింది. ఒకడు మధ్యలో కూలికి పోయాడు, మళ్లీ రాలేదు. బహుమతి పొందినవాడు పది పాసయ్యాడు గాని లెక్కల్లో వచ్చింది బొటాబొటీ మార్కులే. నేను ఆరో తరగతిలోనే మొదలుపెట్టి ఉంటే వాడు నాకంటే మంచి లెక్కల సారు అయ్యేవాడని ఇప్పటికీ అనుకుంటాను. కొట్టినందుకు వాడికి క్షమాపణ చెప్పాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

మిత్రులారా, యాభై ఏళ్ల పండుగకు మన సంఘం ఏవో మంచి పనులు తలపెట్టింది, సంతోషం. వాటితో పాటు ఒక చిన్న కోరిక. వచ్చే ఆగస్టు 29న పంతులు గారి ఫొటోకు దండ వేసే ముందు, మనలో పదిమంది ఉదయాన్నే బడికి పోదాం. ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని రెండో తరగతి వాచకంలో ఒక పేజీ చదివిద్దాం, ఒక తీసివేత, ఒక భాగహారం చేయిద్దాం. మార్కులు వేయొద్దు, పేర్లు బోర్డు మీద రాయొద్దు, ఎవరినీ నిందించొద్దు. చదవలేని పిల్లలు ఎవరో మనకు తెలిస్తే చాలు. తెలిశాక ఊరికే కూర్చోలేం గదా. ఉపాధ్యాయులు ఒప్పుకుంటే వారానికి రెండు సాయంత్రాలు నేను వస్తాను. రిటైరైన వాణ్ని, పని లేదు. మీలో తీరికున్న వాళ్లు నాతో చేరండి.